జాబితాలో లేని చోటు

2004 ఆగస్టు 9, సోమవారం. మధ్యాహ్నం 3 గంటల 22 నిమిషాలకు జపాన్ పడమటి తీరంలోని మిహామా అణు విద్యుత్ కేంద్రంలో ఒక పైపు పగిలింది. మూడో యూనిట్ టర్బైన్ భవనంలో, రెండో అంతస్తు పైకప్పుకు దగ్గరగా సాగిపోయే పైపు అది. అందులో 142 డిగ్రీల వేడినీరు గంటకు సుమారు 1,700 టన్నుల చొప్పున పారుతోంది. ఆ నీటికి బయటికి దారి దొరికిన క్షణాన దాని చేరువలో పదకొండు మంది పని చేసుకుంటున్నారు. నలుగురు ఆ రోజే పోయారు. ఐదో మనిషి పదహారు రోజులు పోరాడి పోయాడు. ఆరుగురు కాలిన ఒళ్లతో మిగిలారు.

జరిగింది ఇంతే. ఇక చెప్పబోయేదంతా ఆ క్షణానికి వెనక పరచుకుని ఉన్న కాలం గురించి. దాదాపు ఇరవై ఎనిమిదేళ్ల కాలం. అందులో చివరి పన్నెండేళ్లలో ఏ ఒక్కసారైనా, ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ పైపు మీద అరచేతిలో పట్టేంత పరికరం ఒకటి ఆనించి చూసి ఉంటే ఈ ఐదుగురూ సాయంత్రానికి ఇళ్లకు చేరేవారు. ఈ ఉదంతం గురించి చదువుతున్నంతసేపూ నా మనసు ఆ నిచ్చెన కోసమే వెతుక్కుంది. ఎవరూ వేయలేదని తెలిసినా ప్రతి సంవత్సరం దగ్గరా ఆగి, ఈసారైనా వేస్తారేమోనని చూసింది.

మిహామా వాకసా అఖాతం ఒడ్డున, ఫుకుయి ప్రాంతంలో ఉంటుంది. 1970లో ఒసాకా నగరంలో ప్రపంచ ప్రదర్శన జరుగుతుండగా, ఆగస్టు నెలలో, మిహామా మొదటి యూనిట్ నుంచి ప్రయోగంగా పంపిన కరెంటుతో ఆ మైదానంలో దీపాలు వెలిగాయి. యుద్ధం ముగిసి అప్పటికి పాతికేళ్లు. అణువు పేరెత్తితే హిరోషిమా, నాగసాకి తప్ప మరేదీ తలపుకు రాని దేశంలో, అదే అణువు దీపమై వెలగడం జనం చూశారు. ఆ వెలుగును నమ్మినవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. నమ్మాలని వాళ్లకు ఎంత ఉండి ఉంటుందో ఊహించగలను. 1972లో రెండో యూనిట్ వచ్చింది. 1976 డిసెంబరులో మూడోది, 826 మెగావాట్లతో, నడక మొదలుపెట్టింది.

ఇలాంటి కేంద్రంలో అందరి చూపూ రియాక్టరు మీదే ఉంటుంది. భయమంతా అటువైపే, కాపలా అంతా అటువైపే. మందపాటి గోడలు, వాటి లోపల మళ్లీ గోడలు, ఒకటి తప్పితే ఆదుకోవడానికి ఇంకొకటి, అదీ తప్పితే మరొకటి. అలా ఉండాల్సిందే. పగిలిన పైపు మాత్రం ఆ గోడలకు ఇవతలిది. అందులో రేడియేషన్ ఛాయ కూడా లేదు. ఉన్నవి ఉత్త వేడినీళ్లు.

ఆ నీళ్ల ప్రయాణం మనకు తెలియనిదేమీ కాదు. ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, కండెన్సర్‌లో చల్లబడి మళ్లీ నీరవుతుంది, ఆ నీరు హీటర్ల వరుసలో ఒక్కొక్కటి దాటుతూ వేడెక్కి, నీటిలో కలిసిన గాలిని తీసేసే డీఏరేటరు చేరి, అక్కడినుంచి మళ్లీ ఆవిరి కావడానికి బయల్దేరుతుంది. కొత్తగూడెంలో, రామగుండంలో, ఇబ్రహీంపట్నంలో బొగ్గుతో నడిచే కేంద్రాల్లోనూ ఇదే చక్రం. మండేది వేరైనా పారేది ఒకటే. షట్‌డౌన్ తీసుకుని ఓవర్‌హాలింగ్ మొదలవగానే ఈ కేంద్రాలకు తరలివచ్చే కాంట్రాక్టు కార్మికులకు ఈ పైపులు తమ వీధి సందుల్లా పరిచయం. మిహామాలో ఆనాడు కాలిపోయినవాళ్లు అలాంటివాళ్లే.

ఆ పైపు నాలుగో హీటరుకూ డీఏరేటరుకూ నడుమ ఉండేది. వెడల్పు 56 సెంటీమీటర్లు. బిగించిన రోజున గోడ మందం 10 మిల్లీమీటర్లు. మామూలు కార్బన్ ఉక్కు.

వేడినీటిలో మునిగిన ఉక్కు తన మీద తానే ఒక నల్లని పొర కప్పుకుంటుంది. మాగ్నటైట్ అంటారు దాన్ని. అదే దానికి కవచం. నీరు ఆ పొరను కొద్దికొద్దిగా కరిగించుకు పోతుంటే, కిందున్న ఇనుము మళ్లీ కొద్దికొద్దిగా పొరగా మారి ఆ లోటు పూడుస్తుంటుంది. ప్రవాహం నెమ్మదిగా, నిలకడగా ఉన్నచోట ఈ ఇచ్చిపుచ్చుకోలు ఏళ్ల తరబడి చల్లగా సాగుతుంది. నీరు సుళ్లు తిరిగేచోట ఇవ్వడమే తప్ప మిగిలేదేమీ ఉండదు. ఆక్సిజన్‌ను దాదాపు పూర్తిగా తీసేసి శుద్ధి చేసిన నీటిలో, 140 డిగ్రీల అటూ ఇటూగా ఉన్నప్పుడు, ఈ హరణం అన్నిటికన్నా ఉద్ధృతం. పైపు తుప్పు పట్టకూడదని ఆక్సిజన్‌ను తీసేస్తారు. ఆ మేలే ఇక్కడ ఇలా ఎదురు తిరిగింది. ప్రవాహం ఎంతో తెలుసుకోవడానికి పైపు నడుమ ఆరిఫిస్ అనే చిల్లు పళ్లాన్ని బిగించారు. ఇరుకు చిల్లులోంచి దూకిన నీరు అవతల సుడులు తిరుగుతూ గోడను ఒరుసుకుంటుంది. ఆ పళ్లెం దాటిన వెంటనే ఉన్న చోటే పగిలింది.

పాత నూతుల ఒరల మీద చేదతాళ్లు కోసిన గాడులు చూసినవాళ్లకు ఇది నమ్మశక్యం కానిదేమీ కాదు. మెత్తని తాడు, కఠినమైన రాయి, చాలా ఏళ్లు.

పగిలిన తర్వాత కొలిస్తే ఆ గోడ అన్నిటికన్నా పలచబడ్డ చోట 0.4 మిల్లీమీటర్లు ఉంది. పది నుంచి సున్నా పాయింట్ నాలుగుకు. ఈ అరుగుదలను ఇరవై ఎనిమిదేళ్ల రోజుల్లోకి పంచితే సగటున రోజుకు మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇంత నెమ్మదిగా వచ్చే మృత్యువు ఇంకెక్కడుంటుంది? రోజూ ఒక్క మైక్రాన్. రాత్రీ పగలూ, చెర్రీలు పూసినా మంచు కురిసినా, హాలులో కార్మికులు భోజనాల డబ్బాలు విప్పుకున్నా, కొత్తగా చేరిన కుర్రవాళ్లు నడివయసువాళ్లయినా, తలల పైన, ఇన్సులేషన్ తొడుగు చాటున, రోజుకో మైక్రాన్.

నియమాల ప్రకారం ఆ గోడ కనీసం 4.7 మిల్లీమీటర్ల మందం ఉండాలి. అరుగుదల మొదటి నుంచీ ఒకే తీరుగా సాగిందనుకుని లెక్కవేస్తే, 1991-92 ప్రాంతంలోనే ఆ గీత దాటిపోయింది. అంటే అది పైపుగా చెల్లదగిన కాలం తీరిపోయాక కూడా మరో పన్నెండేళ్లు మోసింది. దాన్ని నిందించాలంటే నాకు నోరు రాదు. తనకు చేతనైనదానికన్నా ఎక్కువే చేసింది. ఉక్కులో ఒకటి రెండు శాతం క్రోమియం కలిసి ఉన్నా ఈ అరుగుదల దాదాపు ఆగిపోయేదని లోహశాస్త్రం చెబుతుంది. అంత కొద్దిపాటి దినుసు.

ఉక్కు వేడినీటిలో ఈ ఒక్క దారినే పోతుందని కాదు. ఇంకో దారి ఉంది: అలసట. పెద్ద బరువు ఒక్కసారి మీద పడి విరిగిపోవడం వేరు. తాను సునాయాసంగా మోయగల చిన్న బరువునే లక్షల సార్లు మోసి, దించి, మోసి, దించి, ఒకనాడు ఎక్కడో కంటికి కనబడనంత బీటు పుట్టడం వేరు. బీటు పుట్టాక ప్రతి కుదుపూ దాన్ని కాస్త పొడిగిస్తుంది. బయటికి పైపు నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఆ దారిన పోయిన లోహం కూడా మిహామాలోనే ఉంది. 1991 ఫిబ్రవరి 9న రెండో యూనిట్‌లో, ఆవిరి జనరేటరు లోపల ఉండే 3,260 గొట్టాల్లో ఒకటి తెగిపోయింది. వేలంత లావు గొట్టం, గోడ మందం 1.27 మిల్లీమీటర్లు. ఉక్కు కాదు, నికెల్ మిశ్రమం. దాని చుట్టూ ప్రవహించే నీరూ ఆవిరీ దాన్ని నిరంతరం వణికించేవి. ఆ వణుకును పట్టి ఆపడానికి గొట్టాల నడుమకు కడ్డీలు దూర్చాలి. డిజైన్‌లో ఉన్నంత లోతుకు అవి దూరలేదు. గొట్టం వణుకుతూనే ఉండిపోయింది, పై పలక దగ్గర చుట్టూతా తెగింది. రియాక్టరు వైపు నీరు 55 టన్నుల దాకా అవతలికి కారింది. అత్యవసర శీతలీకరణ వ్యవస్థ పని చేసింది. జపాన్‌లో అది నిజంగా అక్కరపడి పని చేయడం అదే మొదటిసారి. ఎవరికీ ఏమీ కాలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు అన్న మాటే నన్ను బాధిస్తుంది. కాగితం మీద సన్నగా కనిపించే ఒక కడ్డీ, ఇంకాస్త లోపలికి ఉండాల్సిన కడ్డీ. అది ఉందనుకున్నారు, చూడలేదు. ఆ పాఠం ఆనాడు ప్రాణం తీయకుండానే దొరికింది. అదే సంవత్సరంలో, లెక్క ప్రకారం, పక్క యూనిట్‌లో ఆ పెద్ద పైపు తన చివరి గీతకు చేరువవుతోంది. ఉందనుకుని చూడకుండా వదిలేసిన చోటు అక్కడా ఒకటుంది.

అలసట లెక్కలు వేసే పుస్తకాలకూ ఇలాంటి వెలితి ఒకటి ఉండేది. ఉక్కు ఎన్ని కుదుపులకు ఓర్చుకుంటుందో చెప్పే గీతలను, నున్నగా సానపట్టిన ముక్కలను గాలిలో, మామూలు గది వేడిలో పరీక్షించి గీశారు. పుస్తకంలోని అంకెకు కొంత జాగ్రత్తను జోడించారు కూడా. తర్వాత జపాన్, అమెరికా పరిశోధకులు అవే ముక్కలను వేడినీటిలో ముంచి పరీక్షించారు. గాలిలో బతికినంత కాలంలో పదోవంతు కూడా బతకని సందర్భాలు కనిపించాయి. అందులోనూ కుదుపు ఎంత నెమ్మదిగా ఉంటే నష్టం అంత ఎక్కువ. నీటికి బీటు కొసన కూర్చుని పని చేసుకోవడానికి తీరిక దొరుకుతుంది.

ఫ్రాన్స్‌లో సివో అనే చోట, 1998 మే నెలలో, అప్పటికి ఆ దేశంలో అన్నిటికన్నా కొత్తదైన కేంద్రంలో, స్టెయిన్‌లెస్ స్టీలు పైపు వంపు దగ్గర నెర్రె విచ్చింది. వేడినీరూ చల్లనీరూ కలిసేచోటు అది. కలిసీ కలవని ఆ నీరు గోడను ఒక క్షణం వేడి చేసి మరుక్షణం చల్లార్చేది. వ్యాకోచం, సంకోచం, మళ్లీ వ్యాకోచం. రియాక్టరుకు కొన్ని నెలల వయసే. బీటు 18 సెంటీమీటర్లు. అక్కడా మనుషులకు ఏమీ కాలేదు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, అలసట బీటును కనిపెట్టడం కష్టం. ఎక్కడ పుడుతుందో, ఎప్పుడు పరుగందుకుంటుందో ఊహించడం ఎంతటివాళ్లకైనా కష్టమే. ఆ దారిన ఒక పైపు పోతే గుండె బరువెక్కుతుంది గానీ, ఎక్కడో మన్నింపు దొరుకుతుంది. మూడో యూనిట్ పైపుకు ఆ మన్నింపు కూడా లేదు. అది దాచుకున్నదేమీ లేదు. ఎక్కడ అరుగుతుందో తెలుసు, ఎందుకు అరుగుతుందో తెలుసు, అరిగిందో లేదో బయటినుంచే కొలిచే పరికరం ఉంది.

తెలుసు అన్నాను. ఎలా తెలుసంటే, ఖరీదు చెల్లించి తెలుసుకున్నారు. 1986 డిసెంబరు 9న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, సర్రీ అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో, ఫీడ్‌వాటర్ పైపు వంపు ఇలాగే లోపలినుంచి అరిగి పగిలింది. ఎనిమిది మంది కాలారు, నలుగురు చనిపోయారు. వాళ్లూ కాంట్రాక్టు కార్మికులే. ఏడు నెలల తర్వాత, 1987 జులై 15న, అదే రాష్ట్రంలో, అదే కంపెనీ నడిపే నార్త్ అన్నా కేంద్రంలో ఆవిరి జనరేటరు గొట్టం ఒకటి అలసట బీటుతో తెగింది. రెండు ప్రమాదాలు, రెండు దారులు. ఒకటి అరుగుదల, ఒకటి అలసట. ఆ రెండూ వరుస మార్చుకుని మిహామా చేరాయి. నార్త్ అన్నా గొట్టానికి జరిగింది నాలుగేళ్లకు రెండో యూనిట్‌లో జరిగింది. సర్రీ పైపుకు జరిగింది పద్దెనిమిదేళ్లకు మూడో యూనిట్‌లో జరిగింది. మహాసముద్రానికి అవతలి నుంచి రెండు ఉత్తరాలు వచ్చినట్టే. రెండూ సరైన చిరునామాకే వచ్చాయి.

ఆ ఉత్తరాలను ఎవరూ చదవలేదనడం అన్యాయం. చదివారు. సర్రీ తర్వాత జపాన్ కదిలింది. 1990లో, ఈ రకం కేంద్రాల్లో పైపుల మందాన్ని ఎలా కాపాడుకోవాలో నియమావళి తయారైంది. ఏ ఏ చోట్లు కొలవాలో అందులో ఉంది. ఆరిఫిస్ దాటిన చోటు కొలవాల్సినదేనని అందులో స్పష్టంగా ఉంది. ఆ నియమాల వెలుగులో ప్రతి యూనిట్‌కూ ఒక జాబితా రాశారు. మూడో యూనిట్ జాబితాను ఆ కేంద్రాన్ని కట్టిన మిత్సుబిషి సంస్థ తయారు చేసింది. వేల చోట్లున్న ఆ జాబితాలో ఈ ఒక్క చోటు పడలేదు.

ఎవరో ఒక మనిషి, ఒక బల్ల ముందు, ఒక గీసిన పటం నుంచి ఒక కాగితం మీదికి ఎక్కిస్తూ ఉండి ఉంటాడు. బాగా పొద్దుపోయి ఉండొచ్చు. కన్ను ఒక వరుస దాటి కింది వరుస మీద పడి ఉండొచ్చు. ఆ మనిషి మీద కూడా నాకు కోపం రావడం లేదు. తన జీవితమంతా వేలాది చోట్లను సరిగ్గానే రాసి ఉంటాడు. ఆ ఒక్క వరుస అక్కడ లేకపోవడంతో, ఆ పైపు ఆ కేంద్రపు జ్ఞాపకంలోంచి జారిపోయింది. జాబితాలో ఉన్నదాన్ని కొలవకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. జాబితాలో లేనిదాన్ని అడిగేదెవరు?

1996లో ఆ పని చేతులు మారింది. కేంద్రం యజమాని కాన్సాయ్ ఎలక్ట్రిక్ పవర్, మిత్సుబిషి దగ్గర్నుంచి తీసి తన అనుబంధ సంస్థ నిహోన్ ఆర్మ్‌కు అప్పగించింది. జాబితా కూడా చేతులు మారింది, ఉన్నది ఉన్నట్టుగా, లేనిది లేనట్టుగా. అప్పగింతల వేళ రెండు జతల కళ్లు ఒకే కాగితం మీద ఉంటాయి. పటాన్నీ జాబితానూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే? ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగిపోయిన చోటు ఇది.

ఆ తర్వాత ఇంకో తలుపు తెరుచుకుంది. వేరే కంపెనీల కేంద్రాల్లో ఇదే చోటు ఇలాగే జాబితా తప్పిపోయిందని మిత్సుబిషి గమనించింది. అక్కడ సరిదిద్దింది. మిహామా అప్పటికి తన చేతిలో లేదు. ఆ కబురు వాకసా తీరానికి చేరాల్సిన తీరులో చేరలేదు.

చివరికి 2003లో చూశారు. అవును, చూశారు. నిహోన్ ఆర్మ్ వాళ్ల కంటబడింది, ఈ చోటు జాబితాలో లేదని. చేర్చారు. పదమూడేళ్ల తర్వాత ఆ వరుస కాగితం మీదికి వచ్చింది. ఇక్కడ చదివేవాళ్ల ప్రాణం లేచొస్తుంది. కానీ దాని ఎదురుగా రాసిన కొలత తేదీ, తర్వాతి సాధారణ తనిఖీది. 2004 ఆగస్టు 14 నుంచి మొదలయ్యే తనిఖీ. ఎన్నడూ కొలవని పైపు, అరిగే చోటున్న పైపు, ఇరవై ఆరేళ్లు దాటిన పైపు. ఈ మూడు మాటలనూ ఎవరైనా ఒకే వాక్యంలో పైకి అని ఉంటే, ఆ వాక్యం విన్న ఏ ఇంజినీరైనా కుర్చీలోంచి లేచేవాడనే నా నమ్మకం. ఆ మాటలు వేర్వేరు గదుల్లో, వేర్వేరు ఫైళ్లలో ఉండిపోయాయి. కేంద్రం నడుస్తూనే ఉంది. రోజుకో మైక్రాన్.

ఆగస్టు వచ్చింది. 21వ తనిఖీకి ఏర్పాట్లు జోరందుకున్నాయి. కేంద్రం ఆగితే ప్రతి రోజూ నష్టమే కనక, ఆగకముందే సామాను చేరవేసి సిద్ధంగా ఉంచుకోవడం అలవాటు. అలా ఆ మధ్యాహ్నం, నడుస్తున్న టర్బైన్ భవనంలో వందమందికి పైగా ఉన్నారు. ఆ పైపుకు చేరువలో ఉన్న పదకొండు మందీ ఒకే కాంట్రాక్టు సంస్థవాళ్లు. వాళ్ల వృత్తి కొలత పరికరాలను సరిచూడడం. ఇది రాస్తుంటే నా చెయ్యి ఆగిపోతోంది. మందం కొలవని పైపు కింద, ప్రవాహం కొలిచే పళ్లెం పక్కన, కొలతలే బతుకుతెరువైనవాళ్లు నిలబడి ఉన్నారు.

ఆ రోజు తేదీ జపాన్‌లో ఎవరూ మరిచిపోలేనిది. ఉదయం 11 గంటల 2 నిమిషాలకు, అణుబాంబు పడిన వేళకు, నాగసాకిలో ఏటా జరిగినట్టే మౌనం పాటించారు. ఆ తర్వాత నాలుగున్నర గంటలైనా గడవలేదు.

నీరు బయట గాలిలో నూరు డిగ్రీలకే ఆవిరవుతుంది. తొమ్మిది రెట్ల వాతావరణ పీడనం అణిచిపెట్టి ఉంచబట్టి ఆ పైపులో 142 డిగ్రీల దగ్గర కూడా నీరుగానే ఉంది. గోడ అర మీటరు పొడవున విచ్చుకోగానే ఆ అణిచిపెట్టేది లేకుండా పోయింది. దూకిన నీటిలో దాదాపు పన్నెండో వంతు అక్కడికక్కడే ఆవిరైంది. ఆవిరైన ప్రతి లీటరూ పదహారు వందల లీటర్ల చోటు కోరుతుంది. మిగిలినది సలసల కాగే నీరు. మొత్తం 885 టన్నులు కారిందని తర్వాత లెక్క తేలింది. పరుగెత్తడానికి దిక్కు తెలియనంత తెల్లదనం ఆ హాలును నింపేసి ఉంటుంది. ఆ పదకొండు మంది ఎలా తల్లడిల్లారో ఇంతకన్నా వర్ణించను. వాళ్లది వాళ్లకే వదిలేయాలి.

కంట్రోల్ రూములో మొదట మోగింది మంటల అలారం. ఆవిరిని పొగ అనుకుంది యంత్రం. 3 గంటల 28 నిమిషాలకు రియాక్టరు తనంతట తాను ఆగిపోయింది. చల్లబడాల్సిన తీరులోనే చల్లబడింది. రేడియేషన్ రవ్వంత కూడా బయటికి రాలేదు. మందపాటి గోడలు, వాటి లోపలి గోడలు అన్నీ తమ పని తాము చేశాయి. అంతటి రక్షణ ఉన్న చోట, ఆ రక్షణలో ఒక్కటీ ఆ ఐదుగురికి అందలేదు. అప్పటిదాకా జపాన్ అణు విద్యుత్ కేంద్రాల చరిత్రలో ఒక్క ప్రమాదంలో ఇంతమంది పోయింది లేదు.

తర్వాత జరిగినవి ఎలా జరుగుతాయో అలాగే జరిగాయి. విచారణలు జరిగాయి. పక్కనే జంటగా నడిచే రెండో పైపును కొలిస్తే అదీ పలచబడి ఉంది. అన్ని కంపెనీలూ తమ తమ జాబితాలను బయటికి తీసి పటాలతో సరిచూసుకున్నాయి. అప్పటిదాకా కంపెనీల ఇష్టానికి వదిలేసిన ఈ పైపుల మందం చట్టం చూపులోకి వచ్చింది. కాన్సాయ్ అధ్యక్షుడు 2005లో పదవి దిగిపోయాడు. కేంద్రం ఆవరణలో ఒక శిల నిలిపారు. ఏటా ఆగస్టు 9న కంపెనీ పెద్దలు అక్కడికి వచ్చి తల వంచి నిలబడతారు. యూనిట్ 2007లో మళ్లీ నడిచింది. ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత 2011లో ఆగి, పదేళ్లు నిద్రపోయి, 2021 జూన్‌లో లేచింది, నలభై ఏళ్లు దాటి కూడా నడిచేందుకు అనుమతి పొంది తిరిగి కదిలిన మొదటి జపాన్ రియాక్టరుగా. ఆ యంత్రానికి రెండో జీవితం దొరికింది. దానిమీద నాకు అసూయ లేదు, కానీ ఆ వార్త చదివిన రోజున మరో ఐదు జీవితాలు గుర్తుకు రాకుండా ఉండలేదు.

ఆగస్టు 9కీ 14కీ నడుమ ఐదు రోజులు. ఆ పైపు అరిగిన వేగంలో చెప్పాలంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఐదు. ఇంకా అంత మందం దాని దగ్గర మిగిలి ఉంటే యంత్రం ఆగేది, నీరు చల్లారేది, ఎవరో నిచ్చెన ఎక్కి కొలిచేవారు, అంకె చూసి నిర్ఘాంతపోయి కిందికి దిగేవారు. ఆ పదకొండు మందీ ఆ కబురు విని, తలలు పైకెత్తి ఆ పైపు వంక చూసి, మళ్లీ పనిలో పడేవారు.

ఆ 14వ తేదీ రానే వచ్చింది. ఐదో మనిషి ఆ రోజుకు ఆసుపత్రిలో బతికే ఉన్నాడు. అప్పటికి నాలుగు ఇళ్లలో దుఃఖం తన చోటు తాను తీసుకుంది. ఆ ఒక్క ఇంట్లో మాత్రం ఇంకా ఆశ మిగిలే ఉండి ఉంటుంది, డాక్టరు ముఖంలోకి చూసే ఆశ, ఇవాళ నిన్నటికన్నా నయం అని ఒకరికొకరు చెప్పుకునే ఆశ. ఇంకో పదకొండు రోజులు అలా గడిచాయి. 25న అతను పోయాడు.